కోరంగి గురించి రాస్తున్న అమ్మాయికి

అమ్మాయీ,

పుస్తకం కాబోతున్న నీ వ్యాసం అందింది, చదివాను. వాక్యం పట్టుకున్నాక చివరిదాకా చదివించే నేర్పు నీకుంది. అందుకే ఈ ఉత్తరంలో పొగడ్తలు తగ్గించి, నాకు అభ్యంతరం అనిపించిన సంగతులే రాస్తాను. నొచ్చుకోకు.

నువ్వు కాకినాడ పక్కన, గోదావరి సముద్రంలో కలిసే చోట ఉన్న ఒకప్పటి ఓడరేవు కోరంగి చరిత్ర రాస్తానన్నావు. రాసింది మాత్రం 1839 నవంబరు 25న వచ్చిన ఉప్పెన గురించి. ఊరు ఎప్పుడు పుట్టిందో, ఏం తిని బతికిందో, ఎవరెవరు వచ్చి పోయారో అంతా కలిపి మొదటి రెండు పేజీల్లో ముగించావు. మిగతాదంతా గాలి, నీళ్లు, శవాలు. చదివేవాడికి ఒళ్లు గగుర్పొడుస్తుంది, నిజమే. కానీ చదవడం ముగిశాక కోరంగిలో ఉప్పెనకు ముందు రోజు జనం ఏం పని చేసుకుంటూ ఉన్నారో ఒక్క ముక్క చెప్పలేడు. మునిగిన ఊరేమిటో తెలియకపోతే మునక గురించి ఎంత రాసినా ఏం లాభం?

ముందు ఆ మూడు లక్షల మాట తేల్చుకుందాం. మూడు లక్షల మంది చనిపోయారు, 20 వేల పడవలు ధ్వంసమయ్యాయి అని ఇంటర్నెట్‌లో ఎక్కడ చూసినా ఉంటుంది. ఒకరిని చూసి ఒకరు రాసుకున్నదే. నువ్వూ అలాగే రాశావు, పైగా ఆశ్చర్యార్థకం పెట్టి మరీ. ఒక్క నిమిషం ఆగి లెక్క వేసి ఉండాల్సింది. అప్పటికి అరవై ఏళ్ల తర్వాత, 1901 జనాభా లెక్కల్లో, జిల్లాకే పెద్ద రేవయిన కాకినాడలో జనం 50 వేలు దాటలేదు. అలాంటిది 1839లో కోరంగి, చుట్టుపక్కల లంకలూ కలిపి మూడు లక్షల మంది చనిపోవాలంటే అక్కడ ఎంతమంది బతికి ఉండాలి? పోనీ డెల్టా అంతా కలిపి అన్నారేమో అంటావా, అలా అని ఎవరూ రాయడం లేదు, కోరంగి అనే రాస్తున్నారు. ఘోరం జరిగిందన్నది కాదనలేం. అంకె మాత్రం నమ్మదగ్గది కాదు. ఆ మాటే సూటిగా రాసెయ్. 'లక్షల్లో' అని పెట్టి తప్పించుకోకు.

ఉప్పెన విషయంలో అసలు నిన్ను పట్టి కూర్చోబెట్టాల్సిన ప్రశ్న ఇంకోటుంది. 1789 డిసెంబరులో కూడా కోరంగి మీద ఇలాంటిదే విరుచుకుపడింది. ఒకదాని వెనక ఒకటి మూడు అలలు లేచాయని, రేవులో ఉన్న ఓడలను గట్టుమీదికి విసిరేశాయని, 20 వేల మంది పోయారని ఆనాటి కథనాలు. తుఫాన్ల మీద పరిశోధన చేసిన హెన్రీ పిడింగ్టన్ సుందర్‌బన్స్‌లో కొత్త రేవు కట్టవద్దని బ్రిటిష్ ప్రభుత్వాన్ని హెచ్చరించినప్పుడు ఈ కోరంగి సంగతే ఎత్తి చూపాడు. అంత దెబ్బ తిన్న ఊరు పదిహేనేళ్లు తిరక్కుండానే లేచి నిలబడింది. ఎబెనీజర్ రోబక్ అనే ఇంగ్లీషాయన అక్కడ పెద్ద ఓడలకు మరమ్మతులు చేసే డాక్ కట్టించాడు. అంటే డబ్బున్నవాళ్లు ఆ ఊరిని నమ్మి మళ్లీ పెట్టుబడి పెట్టారు. 1839 తర్వాత మాత్రం ఊరు మునుపటిలా లేవలేదు. రెండోసారి ఎందుకు లేవలేదు? నీ పుస్తకం ఈ ప్రశ్న చుట్టూ తిరగాలి. దీనికి జవాబు ఉప్పెనలో దొరకదు.

జవాబు కోసం ముందు ఓడలు అసలు అక్కడికి ఎందుకొచ్చేవో చూడు. మన తూర్పు తీరం ఓడలకు అనుకూలమైన తీరం కాదు. మద్రాసంత మద్రాసుకే పంతొమ్మిదో శతాబ్దం చివరిదాకా సరైన హార్బరు లేదు. ఓడ నడి సముద్రంలో లంగరేసుకుని ఉంటే, జనాన్నీ సరుకునీ పడవల్లో అలల మీదుగా ఒడ్డుకు చేర్చేవారు. ఈశాన్య రుతుపవనాలు మొదలయ్యాయంటే అక్కడ నిలబడే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. గోదావరి మొగ దగ్గర, అంటే నది సముద్రంలో కలిసే చోట, అలా కాదు. నది తెచ్చిన ఒండ్రుతో నేల సముద్రంలోకి చొచ్చుకొచ్చి దక్షిణపు అలలను అడ్డుకుంటుంది. అడుగున మెత్తని బురద కాబట్టి ఓడ నేలకు తగిలినా పగలదు. పైనుంచి గోదావరి మీద కలప వస్తుంది. వడ్రంగులు, కమ్మరులు, తెరచాప కుట్టేవాళ్లు, తాళ్లు పేనేవాళ్లు ఊళ్లోనే ఉన్నారు. పక్కనే ఇంజరంలో ఇంగ్లీషువాళ్ల బట్టల ఫ్యాక్టరీ (మిల్లు కాదు, వర్తక కోఠీ) 1708 నుంచి ఉంది. యానాంలో ఫ్రెంచివాళ్లు, జగన్నాథపురంలో డచ్చివాళ్లు. ఒక్క పూటలో పడవ మీద చుట్టి రాగలిగినంత మేరలో మూడు ఐరోపా జెండాలు ఎగిరాయి. ఇదంతా నీ వ్యాసంలో 'పలు విదేశీ శక్తులు వర్తకం సాగించాయి' అన్న ఒక్క వాక్యంలో కొట్టుకుపోయింది. ఆ వాక్యం కొట్టేసి అక్కడ పది పేజీలు రాయి. ఏ బట్ట, ఎవరు నేశారు, అడ్వాన్సు ఎవరిచ్చారు, బేరం కుదిర్చిన దుబాసీకి ఏం ముట్టింది, ఓడలోకి ఎవరు మోశారు, అన్నీ రావాలి.

ఇక ఒండ్రు సంగతి. రేవుకు ఆ నీడనిచ్చిన ఒండ్రే చివరికి దాన్ని పూడ్చేసింది. నది ఏటా వరదల్లో తెచ్చి పోస్తూనే ఉంటుంది. మొగలో మేటలు వేసింది. పోటు వచ్చేదాకా పెద్ద ఓడ బయటే కాచుకోవాల్సి వచ్చింది. ఆ తర్వాత పోటుకు కూడా లోపలికి రాలేకపోయింది. కాకినాడకు ఎదురుగా ఇప్పుడు పదిహేను కిలోమీటర్ల పైచిలుకు పొడవున పడుకుని ఉన్న హోప్ ఐలాండ్ కూడా గత రెండు శతాబ్దాల్లో ఇలా పేరుకున్న ఇసుకే. కోరంగికి చేటు చేసిన మేటే కాకినాడకు గోడ అయింది. ఇలాంటి సంగతి చేతిలో ఉండగా నువ్వు అలల ఎత్తు గురించి మూడు పేరాలు రాయడం చూసి నాకు కాస్త కోపమే వచ్చింది.

దీనికి తోడు ధవళేశ్వరం ఆనకట్ట. 1852లో అది పూర్తయ్యాక డెల్టాలో కాలువలు పారాయి. కాలువలంటే మనకు ఇప్పుడు సాగునీరే గుర్తొస్తుంది గానీ, ఆ రోజుల్లో అవే రోడ్లు కూడా. ధాన్యం, పొగాకు, నూనెగింజలు ఊళ్లోనే పడవకెక్కి నేరుగా కాకినాడలో దిగేవి. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై అక్కడి పత్తి ఆగిపోవడంతో ఇంగ్లండు మిల్లులు మన పత్తి మీద పడ్డాయి. కృష్ణా, గుంటూరు సీమల పత్తి కాకినాడ మీదుగా వెళ్లి అక్కడి మార్కెట్లో 'కొకనాడాస్' అనే పేరుతో అమ్ముడయింది. 1866లో కాకినాడ మునిసిపాలిటీ అయింది. 1890ల్లో తూర్పు తీరం రైలు వచ్చి, సామర్లకోట నుంచి కొమ్మ లైను రేవులోకే దిగింది. కోరంగికి రైలు రాలేదు. ఉప్పెన ఒక్క రోజు వచ్చిపోయింది. సరుకు దారి మారడం మాత్రం యాభై ఏళ్లు పట్టింది. మెల్లగా జరిగే చావును చదివించేలా రాయడం కష్టం, ఒప్పుకుంటాను. కానీ ఆ కష్టానికి దిగకపోతే రేవు చరిత్ర రాయడం ఎందుకు, తుఫాను కథ రాసుకుంటే సరిపోదా?

ఇప్పుడు మనుషుల దగ్గరికి. నీ వ్యాసంలో కోరంగి నుంచి బట్టలు వెళ్లాయి, కలప వెళ్లింది, మనుషులు మాత్రం వెళ్లలేదు. 1830ల్లో మారిషస్ చెరకు తోటలకు మొదట కదిలిన తెలుగు కూలీల్లో చాలామంది ఈ రేవులో ఓడెక్కినవాళ్లే. అక్కడ తెలుగువాళ్లందరినీ రేవు పేరుతోనే పిలిచారు. బర్మాలోనూ అంతే. ఒంగోలు నుంచి వచ్చినా, ఇచ్ఛాపురం నుంచి వచ్చినా వాళ్ల లెక్కలో కోరంగివాడే. 'రంగం పోయాడు', అంటే రంగూన్ వెళ్లాడు, అనే మాట మీ ఇంట్లో ముసలివాళ్ల నోట నువ్వూ వినే ఉంటావు. కూలీలను పోగేసే మేస్త్రీ ఊరికి వచ్చి చేతిలో అడ్వాన్సు పెట్టి, గుంపుని కట్టి, స్టీమరెక్కించేవాడు. రంగూన్‌లో ధాన్యం మిల్లుల్లో, డాకుల్లో మోత పనంతా ఎక్కువగా మనవాళ్లదే. 1930 మే నెలలో డాక్ కూలీల సమ్మె దగ్గర మొదలైన గొడవల్లో బర్మావాళ్ల చేతుల్లో తెలుగు కూలీలు ఎంతోమంది చనిపోయారు. 1941 డిసెంబరులో జపాన్ బాంబులు పడ్డాక కొండలూ అడవులూ పట్టుకుని నడిచొచ్చిన వేల మందిలో మనవాళ్లూ ఉన్నారు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అనే పేరు ఊరికే రాలేదు.

ఇక్కడ నిన్నొకటి అడగాలి. 'ఘనమైన మన కోరంగి' అని నాలుగు చోట్ల రాశావు. అప్పు తీర్చలేక ఓడెక్కినవాడికి ఆ రేవు ఘనంగా కనిపించి ఉంటుందా? సొంత ఊరి మీద ప్రేమ ఉండాల్సిందే. ఆ ప్రేమ ఓడ యజమాని వైపునుంచి మాత్రమే చూస్తోందేమో ఒకసారి చూసుకో. బయానా పుచ్చుకుని భర్తను పంపేసి, ఏళ్ల తరబడి ఉప్పు చేపలు ఎండబెట్టుకుంటూ బతికిన ఆడవాళ్లు నీ పుస్తకంలో ఎక్కడున్నారు?

ఆధారాల గురించి అడిగావు. జిల్లా మాన్యువల్, గెజిటీర్లు తప్పకుండా చదువు. చదివేటప్పుడు అవి కలెక్టరు కోసం కలెక్టరు ఆఫీసు రాసుకున్నవని గుర్తుంచుకో. పన్ను వచ్చిన చోట వివరంగా ఉంటాయి, రాని చోట మౌనంగా ఉంటాయి. పాత మ్యాపులు సంపాదించి వేర్వేరు కాలాలవి పక్కపక్కన పెట్టుకో. మొగ ఎటు జరిగిందో, ఏ లంక కొత్తగా వచ్చిందో నీ కళ్లకే తెలుస్తుంది. తాసిల్దారు ఆఫీసులో పాత గ్రామ రికార్డులు చూడనిస్తే చూడు. చూడనివ్వకపోతే గొడవ పడకు, మళ్లీ వెళ్లు.

మనుషులను అడిగే తీరు మార్చుకోవాలి. నీ ఇంటర్వ్యూలన్నీ 'మీ ఊరి చరిత్ర చెప్పండి' అని మొదలయ్యాయి. అలా అడిగితే ఎవరైనా బడిలో చదువుకున్నదో టీవీలో విన్నదో చెప్తారు. సరంగుగా పడవ నడిపిన పెద్దాయన్ని 'ఏ తిథికి ఏ మొగలోంచి దాటేవారు' అని అడుగు. తాళ్లరేవులో ఇప్పటికీ చెక్క బోట్లు కట్టే వడ్రంగులున్నారు. ఏరా (పడవ అడుగున పొడవునా ఉండే దూలం) దేనితో వేస్తారు, పక్కచెక్క ఎలా వంచుతారు, కలప ఎక్కడినుంచి వస్తోంది, డబ్బు ఎవరు పెడతారు అని అడుగు. పని గురించి అడిగితే మనిషి నోరు విప్పుతాడు, మధ్యలో తాత ముత్తాతల సంగతులు వాటంతట అవే వస్తాయి. ఫోన్ రికార్డరు ముందు పెట్టి కూర్చోకు. టెన్షన్ పడి పుస్తకం భాష మాట్లాడతారు.

మడ అడవుల గురించి నువ్వు రాసిన పేరా బాగుంది, కానీ టూరిజం కరపత్రంలా ఉంది. 1978లో అభయారణ్యం అయింది, చెక్క బాట ఉంది, బోటు షికారు ఉంది, సరే. అంతకు ముందు ఆ మడ, తిల్ల చెట్లు ఎవరికి వంటచెరకు, ఎవరికి పశువుల మేత, ఎవరికి చేపల ఏరు? అభయారణ్యం వచ్చాక వాళ్ల పని ఏమైంది? బావురుపిల్లి ఫొటో పెట్టావు, మంచిదే. దాని పక్కన పీతలు పట్టే మనిషి కూడా ఉండాలి.

చివరి అధ్యాయం కాకినాడతో ముగించమని నా సలహా. ఇవాళ్టికీ అక్కడి యాంకరేజ్ పోర్టులో ఓడ దూరంగా లంగరేసుకుని ఉంటే, బియ్యం బస్తాలు బార్జీల మీద వెళ్లి ఎక్కుతాయి. డీప్ వాటర్ పోర్టు వచ్చినా ఆ పద్ధతి పోలేదు, ఎందుకు పోలేదో కనుక్కుని రాయి. బార్జీ మీద పనిచేసేవాళ్ల కూలి ఎంతో, బస్తాకా, రోజుకా, అదీ రాయి.

ఇక భాష. 'కాలగర్భంలో కలిసిపోయింది' లాంటి మాటలు కనపడ్డ చోటల్లా సున్నా చుట్టాను, కాగితాలు పోస్టులో వేస్తున్నాను. తేదీ ఖాయంగా తెలిస్తేనే వెయ్. తెలియకపోతే ఆ వాక్యమే వద్దు.

తిరగరాసింది వేసవిలోగా పంపగలిగితే చూసిపెడతాను. కోరంగి మళ్లీ వెళ్తానన్నావు కదా, పుష్య అమావాస్య రోజు మాత్రం పెట్టుకోకు. చొల్లంగి తీర్థం జనంతో కాకినాడ, యానాం రోడ్డు కిక్కిరిసి ఉంటుంది, నీతో మాట్లాడే తీరిక ఎవరికీ ఉండదు. ఓ వారం ఆగి వెళ్లు. పొద్దున్నే బయల్దేరు, పోటు మీద పడవలు తిరిగొచ్చే వేళకి రేవులో ఉండు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు