వీధి లెక్క వేరు, సిగ్నల్ లెక్క వేరు

ప్రశ్న: చెన్నై కె.కె. నగర్‌లో మాది 32 ఫ్లాట్ల పాత అపార్ట్‌మెంట్. దాన్ని పడగొట్టి 96 ఫ్లాట్లు కడతామంటున్నారు బిల్డరు. ‘ఉదయం రద్దీ గంటలో అదనంగా వచ్చేది 80 పీసీయూ (అన్ని వాహనాలనూ కార్ల లెక్కలోకి మార్చి చెప్పే కొలత), అంటే వీధి సామర్థ్యంలో 9 శాతం, ఇబ్బంది లేదు’ అని ట్రాఫిక్ రిపోర్టులో రాశారు. వీధి చివర సిగ్నల్ ఇప్పటికే నిండిపోతోంది. సంతకం పెట్టేముందు ఏం చూడాలి?

జవాబు: ముందు ఆ 9 శాతం ఎలా వచ్చిందో చూడండి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1990 మార్గదర్శకాల ప్రకారం రెండు లేన్ల ‘కలెక్టర్’ వీధి (చిన్న వీధుల బండ్లను పెద్ద రోడ్డుకు చేర్చేది) సామర్థ్యం గంటకు 900 పీసీయూ. 80ని 900తో భాగించారు. అయితే మీ తారురోడ్డు 7 మీటర్లుండి, రెండు పక్కలా కార్లు ఆపితే మిగిలేది మూడున్నర మీటర్లు. అది ఒక్క లేనే. అక్కడ 900 అన్న అంకె చెల్లదు.

ఆ 80 కూడా సరిచూడాలి. కారు 1, టూవీలర్ 0.75, ఆటో 2 చొప్పున లెక్క (వాహనాల్లో వాటి వాటా 10 శాతం దాటినప్పుడు). 32 నుంచి 96 అయ్యాయి కాబట్టి మూడింతలు అనుకోకండి. కొత్త ఫ్లాట్లకు కార్లు ఎక్కువ. దగ్గర్లో ఈమధ్య కట్టిన అలాంటి కాంప్లెక్స్ గేటు దగ్గరే ఉదయం 7 నుంచి 10 దాకా, పావుగంటకోసారి లెక్కించమనండి. నీళ్ల ట్యాంకర్లు, డెలివరీ బండ్లు కూడా రాయించాలి. మీ గేటు లెక్క మాత్రం మీరు ఖాళీ చేయకముందే తీయాలి, తర్వాత దొరకదు. బడి సెలవులు, వానలు, మెట్రో పనుల దారి మళ్లింపు ఉన్న రోజులు పనికిరావు.

అసలు చిక్కు సిగ్నల్ దగ్గర. 80లో ముప్పావు వంతు, అంటే 60, బయటికి వెళ్లేవే అనుకుందాం. సిగ్నల్ ఒక చుట్టు (పచ్చ నుంచి మళ్లీ పచ్చ దాకా) 120 సెకన్లయితే గంటకు 30 చుట్లు, ఒక్కోదానికి అదనంగా 2 కార్లు. పచ్చ లైటు ఇప్పుడే బొటాబొటీగా సరిపోతుంటే ఆ రెండూ ప్రతిసారీ మిగిలిపోతాయి. అరగంటకు 30 కార్లు, కారుకు 6 మీటర్లు, మొత్తం 180 మీటర్ల వరస! మీ గేటు అంతకంటే దగ్గరుంటే మీ కారే బయటికి రాలేదు. కాబట్టి రిపోర్టులో జంక్షన్ క్యూ లెక్క, ప్రాజెక్టు ఉన్నా లేకపోయినా ఎంతో పక్కపక్కన చూపించమని పట్టుబట్టండి. గేటును మూలకు దూరంగా, కనీసం 12 మీటర్లు లోపలికి పెట్టించండి. రెండు కార్లు రోడ్డెక్కకుండా ఆగుతాయి.

ప్రశ్న: కట్టే రోజుల్లో లారీల సంగతీ రిపోర్టులో ఉండాలా?

జవాబు: ఉండాల్సిందే. 90 ఘనమీటర్ల స్లాబుకు 6 ఘనమీటర్ల కాంక్రీటు మిక్సర్ లారీ 15 సార్లు రావాలి. మధ్యలో ఆపితే కాంక్రీటు అతుకు పడుతుంది కాబట్టి తర్వాతి బండి ముందే వచ్చి కాచుకుంటుంది. అది ఎక్కడ నిలబడుతుందో ప్లాన్‌లో గీయించండి.