కరెంటు లేని రాత్రి సీప్యాప్ ఎలా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఒక పల్లె. మా నాన్నగారికి 61 ఏళ్లు. స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో ఊపిరి మాటిమాటికీ ఆగిపోయే జబ్బు, ఉందని తేలాక ఏడాదిన్నరగా మాస్కులోంచి గాలి తోసే సీప్యాప్ మెషిన్ పెట్టుకునే పడుకుంటున్నారు. 2018లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మా దగ్గర రోజుల తరబడి కరెంటు లేదు, కానీ అప్పటికి నాన్నకి ఈ మెషిన్ లేదు. ఇప్పుడు అక్టోబరు దగ్గర పడుతోందంటేనే అమ్మకి టెన్షన్. షాపతను 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ చాలంటున్నాడు, ఇంకొకాయన ఇంటి మీద సోలార్ పెట్టిస్తే తప్ప కుదరదంటున్నారు. ఎవరి మాట వినమంటారు?

జవాబు: ఇద్దరి మాటా కాసేపు పక్కన పెట్టమ్మా. ముందు నాన్నగారి మెషిన్ రాత్రికి ఎంత కరెంటు తాగుతుందో చూడండి. ప్లగ్గుకీ మెషిన్‌కీ మధ్య పెట్టే చిన్న వాట్ మీటర్లు ఆన్‌లైన్లో దొరుకుతాయి. ఒక రాత్రి హ్యుమిడిఫయర్ (గాలికి తేమ పట్టించే నీటి తొట్టె) వేడి ఆన్‌లో ఉంచి, ఇంకో రాత్రి ఆపి కొలవండి. అడాప్టర్ మీద 90 వాట్లు అని ఉంటే కంగారు పడకండి, అది అడాప్టర్ ఇవ్వగలిగిన గరిష్ఠం మాత్రమే. నేనూ సీప్యాప్ వాడతాను, నా మెషిన్ 10 ప్రెషర్ (గాలి ఒత్తిడి) దగ్గర నడుస్తుంది. వేడి ఆపేస్తే సగటున 8 వాట్లు, నీటి తొట్టె వేడి, ట్యూబు వేడి రెండూ ఉంటే 40 దాకా వెళ్తుంది. అంటే ఎనిమిది గంటల నిద్రకి ఒకటి 64 వాట్-అవర్లు, రెండోది 320. కరెంటు బిల్లులో ఒక యూనిట్ అంటే 1000 వాట్-అవర్లు కాబట్టి, వేడి ఆపితే రాత్రికి యూనిట్‌లో పదిహేనో వంతు కూడా పడటం లేదు. గాలి తోసే మోటారు తినేది చాలా తక్కువ, కరెంటంతా నీళ్లు వేడి చేయడానికే పోతోంది.

ఇప్పుడు షాపతని లెక్క చూద్దాం. పవర్ బ్యాంక్ మీద రాసే ఎంఏహెచ్ లోపలి సెల్ దగ్గర, అంటే 3.7 వోల్టుల దగ్గర లెక్క. 20,000 ఎంఏహెచ్ అంటే 74 వాట్-అవర్లు. వోల్టేజీ పెంచేటప్పుడు పోయేది పోగా చేతికొచ్చేది 60 లేదా కాస్త ఎక్కువ. వేడి ఆపినా సరే, తెల్లవారుజామున ఆగిపోతుంది. పైగా చాలా మెషిన్లకి 24 వోల్టులు కావాలి, కొన్నింటికి 12. మామూలు పవర్ బ్యాంక్ నేరుగా 24 ఇవ్వదు. మెషిన్ అడుగున చీటీ మీద ఎంత అని రాసుందో చూసి, బ్యాటరీ వోల్టేజీని దానికి సరిపడా మార్చే డీసీ కన్వర్టర్, ఆ మోడల్‌కి ఆ కంపెనీ ఇచ్చేదే కొనండి. పిన్ను పట్టింది కదా అని ల్యాప్‌టాప్ చార్జరో, ఇంకేదో దూర్చొద్దు. 12 వోల్టుల మెషిన్‌కి 24 ఇస్తే బోర్డు పోతుంది.

మీ ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే సగం పని అయినట్టే. 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్ల) ట్యూబులర్ బ్యాటరీ అంటే కాగితం మీద 1800 వాట్-అవర్లు. లెడ్ బ్యాటరీని సగానికి మించి దించితే దాని ఆయుష్షు తగ్గుతుంది కాబట్టి 900 అనుకోండి. అయితే ఇన్వర్టర్ ఆన్‌లో ఉన్నంతసేపూ ఏ లోడూ లేకపోయినా తనకంటూ 15-20 వాట్లు తింటుంది. బ్యాటరీలోని 12 వోల్టుల్ని 230 చేసి, ఆ 230ని అడాప్టర్ మళ్లీ 24కి దించడం, దారిలో అంతా నష్టమే. వేడి ఆపి అలా నడిపితే మూడు నాలుగు రాత్రులు. అదే బ్యాటరీ నుంచి కన్వర్టర్ ద్వారా నేరుగా మెషిన్‌కి ఇస్తే, ఇంకేమీ పెట్టకపోతే, పది రాత్రుల దాకా లాగొచ్చు! ఈ వైరింగు మాత్రం తెలిసిన ఎలక్ట్రీషియన్‌తో చేయించండి, బ్యాటరీ దగ్గరే ఫ్యూజు పెట్టించండి. ఇన్వర్టర్‌తోనే నడపాలంటే అది ప్యూర్ సైన్ వేవ్, అంటే లైన్ కరెంటులాంటి కరెంటే ఇచ్చే రకం, అయి ఉండాలి, పాత స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద అడాప్టర్లు, హీటర్లు పాడయ్యే ప్రమాదం ఉంది. పగలు ఇన్వర్టర్ ఆపేయండి, ఫ్యాన్లకి బ్యాటరీ ఖర్చు పెట్టకండి.

కారుంటే అదీ పనికొస్తుంది. వేడి ఆపితే మీ అవసరం రాత్రికి 12 వోల్టుల బ్యాటరీలో ఏడు ఏహెచ్ లోపే. ఒక రాత్రి వాడుకుని పొద్దున ఇంజన్ ఆన్ చేసి చార్జ్ చేసుకుంటే పెద్ద ఇబ్బంది ఉండదు. జనరేటర్ ఉంటే మాత్రం ఇంట్లోకి తేవద్దు, వరండాలో కూడా వద్దు. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. దూరంగా ఆరుబయట పెట్టి, పగలు బ్యాటరీ చార్జ్ చేసుకోవడానికి మాత్రమే వాడండి. సోలార్ చెడ్డదని కాదు, 100 వాట్ల ప్యానెల్ మంచి ఎండలో రోజుకి మూడు నాలుగు వందల వాట్-అవర్లు ఇస్తుంది, కానీ తుఫాను వెళ్లిన మర్నాడు మబ్బే కదా, దాని ఒక్కదాన్నే నమ్ముకోవద్దు.

నాకు జరిగింది చెప్తాను, మీకు పనికొస్తుంది. మొదటిసారి పోర్టబుల్ పవర్ స్టేషన్ (సాకెట్లున్న పెద్ద బ్యాటరీ పెట్టె) కొని, వేడి ఆపి, హాయిగా పడుకున్నాను. రాత్రి రెండింటికి మాస్కులో గాలి ఆగిపోయి, నా ఊపిరి నాకే వెచ్చగా మొహం మీద కొడుతుంటే లేచాను. బ్యాటరీ చూస్తే ఇంకా 85 శాతం ఉంది. మర్నాడు దాంతో వచ్చిన పుస్తకం మొత్తం చదివితే తెలిసింది, అందులో ఎకో మోడ్ అని ఒకటుంది, లోడు మరీ తక్కువైతే ఎవరూ వాడటం లేదనుకుని అదే ఆగిపోతుంది. పొదుపు కోసం నేను వేడి ఆపడమే దానికి కారణమైంది. ఆ మోడ్ ఆపేశాక మళ్లీ ఇబ్బంది రాలేదు. అందుకే చెప్తున్నా, ఏది కొన్నా కరెంటు ఉన్న రోజే మెయిన్ ఆపి ఒక రాత్రి పూర్తిగా పడుకుని చూడమనండి.

వేడి లేకపోతే ముక్కు ఎండిపోతుందని నాన్నగారు అనొచ్చు. తొట్టెలో మామూలు చల్లటి నీళ్లు ఉంచినా గాలికి కొంత తేమ అందుతుంది. పడుకునే ముందు ముక్కులో సెలైన్ చుక్కలు వేసుకుంటే ఇంకాస్త హాయి. ప్రెషర్ మాత్రం బ్యాటరీ కోసమని మీరే తగ్గించకండి, అది డాక్టరు పని. మరీ ఏమీ లేని రాత్రి వస్తే పక్కకి తిరిగి, తల ఎత్తుగా పెట్టుకుని పడుకోవాలి, మద్యం, నిద్రమాత్రలు రెండూ వద్దు. నాన్నగారికి ఆక్సిజన్ కాన్సంట్రేటర్ (గాలిలోంచి ఆక్సిజన్ తీసిచ్చే మెషిన్) కూడా ఉంటే ఈ లెక్కలేవీ పనికిరావు, అది ఒక్కటే 300 వాట్ల పైన తింటుంది. అలాంటప్పుడు హెచ్చరిక రాగానే కరెంటు గ్యారంటీగా ఉండే చోటికి తీసుకెళ్లిపోవాలి.

ప్రశ్న: హైదరాబాద్ నుంచి రాస్తున్నాను, 46 ఏళ్లు. ఈసారి మాల వేసుకుని ఎరుమేలి నుంచి అడవి దారిలో శబరిమల నడవాలని ఉంది. రైల్లో ఒక రాత్రి, అడవిలో ఒకటో రెండో రాత్రులు. మెషిన్ ఇంట్లో వదిలేసి వెళ్లమంటున్నారు స్నేహితులు.

జవాబు: వదిలేసి వెళ్లకండి స్వామీ. ఆ దారిలో అళుద, కరిమల కొండలు ఎక్కడం మాటలు కాదు, రాత్రంతా ఊపిరి తెగుతూ నిద్ర లేక పొద్దున్నే కొండ ఎక్కడం గుండెకి మంచిది కాదు. వెళ్లే ముందు ఒకసారి డాక్టరుకి చూపించుకోండి.

రైల్లో బెర్తు పక్కన సాకెట్ ఉంది కదా అని ధీమాగా ఉండొద్దు. రాత్రి 11 నుంచి ఉదయం 5 దాకా చార్జింగ్ పాయింట్లు ఆపేయాలని రైల్వే 2021లో గట్టిగా చెప్పింది, సరిగ్గా మీకు కావాల్సిన ఆ ఆరు గంటలే ఉండకపోవచ్చు. కాబట్టి రైల్లోనూ బ్యాటరీ మీదే పడుకోండి, పగలు సాకెట్‌లో చార్జ్ చేసుకోండి. అడవిలో చార్జింగ్ మీద ఆశ పెట్టుకోకుండా రాత్రికి ఒక బ్యాటరీ చొప్పున లెక్కేసుకోండి. 100 వాట్-అవర్ల లిథియం బ్యాటరీ కిలో లోపే ఉంటుంది. నెత్తిన ఇరుముడి ఉంటుంది కనుక మెషిన్ సంచి ఎవరు మోయాలో గురుస్వామితో ముందే మాట్లాడుకోండి. నీటి తొట్టె ఇంట్లో పెట్టేయండి, మోసేటప్పుడు నీళ్లు లోపలికి పోతే మెషిన్ పాడవుతుంది. కొన్ని మెషిన్లకి తొట్టె తీసేసినచోట వేరే మూత కావాలి, అది మర్చిపోవద్దు. పొగకి దూరంగా పడుకోండి, కర్పూరం మసి ఫిల్టర్‌కి పడితే గాలి వాసనొస్తుంది, కొత్త ఫిల్టర్ ఒకటి జేబులో ఉంచుకోండి.

ప్రశ్న: డాలస్‌లో మా అబ్బాయి దగ్గరికి వెళ్తున్నాం. విమానంలో సీప్యాప్ బ్యాటరీ తీసుకెళ్లనిస్తారా?

జవాబు: 100 వాట్-అవర్ల లోపుదైతే చేతి సంచిలో తీసుకెళ్లొచ్చు. 100 నుంచి 160 మధ్య అయితే ఎయిర్‌లైన్ అనుమతి కావాలి, అవి కూడా రెండుకి మించకూడదు. 160 దాటితే ప్రయాణికుల సామానులో రానివ్వరు. విడి బ్యాటరీని చెకిన్ సామానులో వేయకూడదు. కొన్ని ఎయిర్‌లైన్స్ విమానంలో పవర్ బ్యాంక్ వాడనివ్వడం లేదు, కాబట్టి సీట్లో మెషిన్ పెట్టుకుని పడుకోవాలంటే టికెట్ తీసుకోగానే వాళ్లకి మెయిల్ రాసి జవాబు దగ్గర పెట్టుకోండి, డాక్టరు చీటీ కూడా. అక్కడి 120 వోల్టుల గురించి భయం వద్దు, మీ అడాప్టర్ మీద 100-240 అని ఉంటే ప్లగ్గు పిన్ను మార్చుకుంటే చాలు.