పది మీటర్ల గురి: ఎయిర్ రైఫిల్ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా అమ్మాయికి పదమూడేళ్లు. షూటర్ ఈషా సింగ్‌ను చూసి తానూ షూటింగ్ నేర్చుకుంటానంటోంది. దుకాణంలో 20 జూల్స్ శక్తి ఉన్న ఎయిర్ రైఫిల్ చూపించి, లైసెన్స్ అక్కర్లేదు, ఇదే మంచిదంటున్నారు. కొనమంటారా? (హనుమకొండ నుంచి ఒక తండ్రి)

జవాబు: లైసెన్స్ సంగతి నిజమే. 2016 ఆయుధ నియమాల ప్రకారం బోరు (గొట్టం లోపలి వెడల్పు) 4.5 మి.మీ., శక్తి 20 జూల్స్ మించని ఎయిర్ రైఫిల్‌కు లైసెన్స్ అవసరం లేదు. ఈ రెండింటిలో ఏది దాటినా కావాలి. కాబట్టి బిల్లు మీద బోరు, శక్తి రెండూ రాయించుకోండి.

'ఇదే మంచిది' అన్న మాట మాత్రం నమ్మకండి. పోటీల్లో వాడే పెల్లెట్ (చిన్న గుండు) బరువు అర గ్రాము పైచిలుకు, వేగం సెకనుకు 170 మీటర్ల చుట్టూ ఉంటుంది. లెక్కేస్తే 8 జూల్స్ కూడా రాదు. పది మీటర్ల దూరంలోని గురి కాగితానికి అంతకు మించి దండగ. శక్తి పెరిగితే లోపల గాలిని నొక్కే స్ప్రింగ్ బిగుసుకుంటుంది. పిల్ల గొట్టాన్ని వంచి ఎక్కుపెట్టడానికే అలిసిపోతుంది, గురి సంగతి తర్వాత.

ఇంకో మాట. ఈషాది పిస్టల్. 2018లో 13 ఏళ్లకే జాతీయ ఛాంపియన్ అయింది ఎయిర్ పిస్టల్‌లోనే. పిస్టల్ కాగితంలో పది పాయింట్ల వలయం 11.5 మి.మీ. ఉంటే, రైఫిల్‌లో అది అర మిల్లీమీటరు చుక్క. రెండింటి సాధనా వేరు, సామానూ వేరు. ముందు ఏదైనా షూటింగ్ రేంజ్‌లో వాళ్ల తుపాకులతోనే నెలా రెండు నెలలు రెండూ కాల్చనివ్వండి. రైఫిల్ వైపు మొగ్గితే కొనేముందు బట్‌ను (భుజానికి ఆనించే వెనక భాగాన్ని) మోచేతి మడతలో ఆనించి చూడండి. చూపుడువేలి మొదటి కణుపు ట్రిగర్‌కు హాయిగా అందాలి. అందకపోతే ఎంత పేరున్న రైఫిలైనా ఆ పిల్లకు పనికిరాదు.

ప్రశ్న: నాది స్ప్రింగ్ రైఫిల్. ఇసుక సంచి మీద పెట్టి, గట్టిగా బిగించి పట్టి కాల్చినా ఐదు పెల్లెట్లు ఒకచోట పడవు. స్కోప్ (గురి చూసే దుర్బిణి) మార్చినా అంతే. (కరీంనగర్)

జవాబు: గట్టిగా బిగించి పట్టడమే అసలు తప్పు. ట్రిగర్ నొక్కగానే లోపలి పిస్టన్ ముందుకు దూకుతుంది, దానికి రైఫిల్ వెనక్కి జరుగుతుంది. పిస్టన్ ఆగేటప్పుడు మళ్లీ ముందుకు కుదుపు. పెల్లెట్ ఇంకా గొట్టంలో ఉండగానే ఈ కదలిక మొదలైపోతుంది. మీ పట్టు ప్రతిసారీ కొంచెం మారుతుంది కాబట్టి ఆ కదలికా మారుతుంది, పెల్లెట్లు చెదురుతాయి. రైఫిల్‌ను దాని దారిన కదలనివ్వాలి. సంచి మీద మీ ఎడమ అరచేయి తెరిచి పెట్టి, రైఫిల్ బరువు సమంగా తూగే చోటు దాని మీద ఆనించండి. వేళ్లు మూయొద్దు. భుజానికి తాకీ తాకనట్టు ఆనించండి. పేలాక ఒక క్షణం గురి మీదే కన్ను ఉంచండి.

తర్వాత రైఫిల్ కట్టెను బిగించే స్క్రూలు చూడండి. స్ప్రింగ్ అదురుకు అవి వదులవుతూనే ఉంటాయి. స్కోప్ విషయానికొస్తే, రెండు వైపులా కొట్టే ఈ కుదుపుకు మామూలు స్కోప్ లోపలి అద్దాలు కదిలిపోతాయి. ఎయిర్ రైఫిల్ కోసమే చేసి, పది మీటర్లకు ఫోకస్ కుదిరేదే తీసుకోవాలి.

ఆఖరున పెల్లెట్లు. డబ్బాలోంచి గరిటెడు పళ్లెంలో పోసి వెలుతురులో చూడండి. వెనక అంచు లంగాలా గుండ్రంగా ఉండాలి. చొట్ట పడ్డవి పక్కన పెట్టండి. మూడు రకాల డబ్బాలు తెచ్చి, రకం మార్చినప్పుడల్లా ముందు పదిహేను ఊరికే కాల్చి, ఆపై ఐదేసి చొప్పున నాలుగు కాగితాలు కాల్చండి. ఏది ఎక్కువ గుమిగూడితే అదే మీ గొట్టానికి నప్పేది. ఖరీదైనదే నప్పుతుందని లేదు.

ప్రశ్న: నూనె వేశాక టపాకాయలా పేలి, గొట్టంలోంచి పొగ వస్తోంది. బలం పెరిగినట్టా? (పరకాల)

జవాబు: కాదు, నష్టం మొదలైనట్టు. గాలి ఒక్కసారిగా నొక్కుకుపోయి వేడెక్కడంతో లోపల చేరిన నూనె మండుతోంది. ఇలాగే వాడితే సీలు కాలిపోతుంది, స్ప్రింగ్ విరుగుతుంది. కుట్టుమిషన్ నూనె, కొబ్బరినూనె గాలి గదిలోకి అసలే పోయొద్దు. పెల్లెట్ లేకుండా పేల్చడం కూడా మానండి. గాలికి అడ్డు లేక పిస్టన్ నేరుగా వెళ్లి గాలి గది ముందు గోడకు గుద్దుకుంటుంది.

ప్రశ్న: మా మక్క చేనును కోతులు ఆగం చేస్తున్నయి. ఛర్రల తుపాకీతో బెదిరించొచ్చా? (ములుగు జిల్లా)

జవాబు: వద్దు. మీ నష్టం చిన్నది కాదని తెలుసు. కానీ పెల్లెట్ బెదిరించదు, ఒంట్లో దిగబడుతుంది. పుండు వారాల తరబడి చీము పట్టి జంతువు నరకం చూస్తుంది. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కింద కేసూ అవుతుంది. ఏటూరునాగారం అభయారణ్యంలోకైతే అనుమతి లేకుండా ఎయిర్ గన్ పట్టుకుపోవడమే నేరం, 1972 వన్యప్రాణి చట్టం 31వ సెక్షన్ చూడండి. కోతుల్ని పట్టించమని పంచాయతీని, అటవీ సిబ్బందిని అడగండి. నిర్మల్‌లో కోతుల పునరావాస కేంద్రం ఉంది.

ప్రశ్న: సెకండ్ హ్యాండ్‌లో గాలి సిలిండర్ ఉన్న మ్యాచ్ (పోటీల) రైఫిల్ వస్తోంది. ఏం చూడాలి? (వరంగల్)

జవాబు: రైఫిల్ కన్నా ముందు సిలిండర్ మీద చెక్కిన తేదీ. పోటీల్లో పదేళ్లు దాటిన సిలిండర్‌ను అనుమతించరు, దాటితే కొత్తదాని ధర బేరంలో తగ్గించండి. 200 బార్ ఒత్తిడికి నింపించి, ఒక రాత్రి ఉంచి, పొద్దున ఒత్తిడి చూపే ముల్లు చూడండి. చల్లదనానికి కాస్త తగ్గితే ఫర్వాలేదు, బాగా పడిపోతే వాల్వు సీళ్లు పోయినట్టే. చేతి పంపుతో నింపేవారా అని అడగండి. ఆరబెట్టే ఫిల్టర్ లేని పంపు వానాకాలం తేమనంతా సిలిండర్‌లోకి తోస్తుంది, లోపల తుప్పు పట్టినా పైకి కనబడదు. సమాధానం తడబడితే సిలిండర్ వదిలేసి రైఫిల్ మాత్రమే బేరమాడండి.