చిలక ముక్కు ఎందుకు విరిగింది?

ఓడ బాబాయి వంటగది: మీ ప్రశ్నలు, నా జవాబులు

ప్రశ్న: జపాన్ నుంచి వచ్చిన ఫ్రెండ్ ముళ్లు ముళ్లుగా ఉన్న రంగు రంగుల చక్కెర గుళికలు తెచ్చాడు. పేరు కొన్‌పెయితో అట. ఇంట్లో చేసుకోవచ్చా బాబాయ్?
- ఒక విద్యార్థి, మధురవాడ

జవాబు: చేసుకోవచ్చు నాయనా, కాలేజీకి రెండు వారాలు సెలవు పెట్టగలిగితే. వాలుగా తిరిగే పెద్ద మూకుడు కింద మంట పెట్టి, అందులో బియ్యపు నూక పోసి, దాని మీద పాకం కొంచెం కొంచెంగా చల్లుతూ పొద్దస్తమానం కలుపుతుండాలి. గుళిక రోజుకి ఒక మిల్లీమీటరు పెరిగితే గొప్ప. ఆ ముళ్లు ఎవరూ చెక్కరు. దొర్లగా దొర్లగా అవే లేస్తాయి. నిజానికిది పోర్చుగీసు వాళ్లతో వచ్చిన మిఠాయి. 1569లో ఒక క్రైస్తవ పాదిరీ గాజు సీసాలో పోసి ఓదా నొబునాగా అనే ప్రభువుకి కానుకగా ఇచ్చాడు. మరాఠీ వాళ్లు సంక్రాంతికి నువ్వుల మీద పాకం ఎక్కించి చేసే ముళ్ల హల్వా కూడా దాదాపు ఇలాంటిదే. దాన్ని గుచ్చి కొత్త కోడళ్లకి నగలు చేస్తారు. నువ్వు మాత్రం ఫ్రెండ్ తెచ్చినవి తిని ఊరుకో.

ప్రశ్న: యోకాన్ అనే జపాన్ స్వీటులో జెలటిన్ ఉంటుందా? మేం శాకాహారులం.
- ఒక గృహిణి, ఎంవీపీ కాలనీ

జవాబు: అసలు పద్ధతిలో ఉండదమ్మా. సముద్రపు నాచు నుంచి తీసే అగర్ వేస్తారు. మన కిరాణా కొట్లో చైనా గ్రాస్ అని అడిగితే ఇచ్చేది అదే. అజుకి అనే ఎర్ర గింజల ముద్ద, పంచదార, అగర్, అంతే. అయినా ప్యాకెట్ వెనక ఒకసారి చూసుకోండి. పల్చగా కోసుకుని పాలు లేని చేదు టీతో తినాలి. మా ఓడలో కుర్రాళ్లు లడ్డూలా మొత్తం నోట్లో కుక్కుకుని, తర్వాత నన్ను తిట్టారు.

ప్రశ్న: బాబాయి గారూ, మా అత్తగారు పోయాక అటక దులుపుతుంటే పాత చీర ముక్కలో చుట్టిన పంచదార చిలకల అచ్చులు నాలుగు జతలు దొరికాయి. వచ్చే మాఘంలో మా అమ్మాయి పెళ్లి. సారెలోకి చిలకలు నేనే పోద్దామని మూడుసార్లు ప్రయత్నించాను. మొదటిసారి ముక్కు విరిగింది, రెండోసారి తోక విరిగింది. పాకం గట్టిపడకూడదని మూడోసారి నిమ్మరసం పిండితే జిగురై అచ్చుకే పట్టుకుంది. ఫోన్లో చూస్తే జపాన్‌లో కింకతో అని అచ్చం మన చిలకల్లాగే చెక్క అచ్చుల్లో పోస్తున్నారు. వాళ్లు దాన్ని ఎలా బతికించుకున్నారు? మా అమ్మాయేమో "ఇప్పుడు ఈ పని ఎవరిక్కావాలమ్మా" అంటోంది. నాకు టెన్షన్‌గా ఉంది.
- ఒక పాఠకురాలు, గోపాలపట్నం

జవాబు: అమ్మా, మూడుసార్లకే దిగులు పడితే ఎలా? విశాఖ వన్‌టౌన్‌లో కురుపాం మార్కెట్ వెనక వీధిలో మా అమ్మ పాతికేళ్లు సారె చిలకలు పోసింది. పెళ్లిళ్ల రోజుల్లో విరిగిన ముక్కులూ తోకలే నా పొద్దుటి టిఫిన్.

ముందు ఆ నిమ్మకాయ తీసి అవతల పెట్టండి. పులుపు పడితే పంచదార మళ్లీ గింజ కట్టదు. జీళ్ల పాకానికి అదే కావాలి, చిలకకి మాత్రం అదే శత్రువు. చిలక నిలబడేదే ఆ గింజ మీద. కిలో పంచదారకి రెండు గ్లాసుల లోపు నీళ్లు పోసి కరిగించండి. పొంగు రాగానే చెంచాడు పాలు పోస్తే మడ్డి పైకి తేలుతుంది, గరిటెతో తీసేయండి. చన్నీళ్లలో చుక్క వేస్తే మెత్తగా ఉండ కట్టాలి. అప్పుడు దించి, చెక్క గరిటెతో గిన్నె అంచుకేసి రుద్దండి. అద్దంలా ఉన్న పాకం మసకబారి, గంజిలా తెల్లబడుతుంది. మా అమ్మ ఆ క్షణం వరకూ కబుర్లు చెబుతూ చెబుతూ ఠక్కున నోరు మూసేది. ఆ మౌనమే నాకు సిగ్నల్, అచ్చు ఎత్తి పట్టుకోవాలి. ఇంకో నిమిషం ఆగితే పాకం ముద్దై ముక్కు దాకా పారదు. మీ మొదటి చిలక సంగతి అదే అయి ఉంటుంది. కిలో ఒకేసారి కాచకుండా పావు కిలో చొప్పున కాచుకోండి. పోసేటప్పుడు అచ్చుని కాస్త వాల్చి, వేళ్లతో టకటకా తట్టండి. ముక్కులో ఇరుక్కున్న గాలి బయటికొస్తుంది.

అచ్చులు రాత్రంతా నీళ్లలో నానాలి. ఎండిన చెక్క పాకాన్ని పీల్చుకుని వదలదు. నానాక గుడ్డతో తుడిచి, రెండు సగాలూ కలిపి పురికొసతో బిగించి కట్టండి. నూనె రాయొద్దు, సబ్బు అసలే వద్దు. అన్నేళ్లు అటక మీద ఉన్నవి కాబట్టి మొదటి రెండు విడతల చిలకలు తినకుండా పారేయండి. పోశాక పది నిమిషాలు ఆగి, తాడు విప్పి, అచ్చు వీపు మీద తట్టి, తల వైపు నుంచి ఎత్తండి. తోక పట్టుకుని లాగితే అది మీ చేతికే వస్తుంది. ఇంకో మాట, ముసురు పట్టినప్పుడు ఈ పని పెట్టుకోకండి. మన సముద్రపు గాలికి చిలక సాయంత్రానికే చెమట పడుతుంది. మీ ముహూర్తం మాఘంలో కాబట్టి ఆ భయం లేదు.

ఇక జపాన్ సంగతి. కింకతోకి పేరున్న ఊరు కనజావా. పద్ధతి మనదే, నానబెట్టిన రెండు చెక్క సగాల్లో తెల్లబడ్డ పాకం పోస్తారు. అంచు గట్టిపడగానే మిగతా పాకం వెనక్కి వంపేస్తారు. అందుకే మన చిలక నిండుగా ఉంటుంది, వాళ్ల చేప బోలుగా ఉంటుంది. తర్వాత కుంచెతో రంగులు వేస్తారు. పంచదార బంగారంలా ఉన్న రోజుల్లో అక్కడ పెళ్లిలో చేప ఆకారం మిఠాయి ఇస్తే పెద్ద మర్యాద. పంచదార చవకయ్యాక, నాలుక్కి వేరే రుచులు తగిలాక, ఆ చేపని అడిగేవాడు తగ్గిపోయాడు. మన సారె చిలకకి పట్టిన గతే. కనజావాలో మాత్రం మార్చి 3న ఆడపిల్లల బొమ్మల పండగకి, బొమ్మల పక్కన ఈ చేపలూ వెదురు మొలకలూ పళ్లూ పెట్టడం ఆనవాయితీ. ఏటా పండగ అడుగుతుంది కాబట్టి ఎవరో ఒకరు పొయ్యి వెలిగించాల్సిందే. మనకీ సంక్రాంతికి బొమ్మల కొలువు ఉంది కదా? పెళ్లి వరకూ ఆగకుండా ముందు అక్కడ పెట్టండి నాలుగు చిలకలు.

నేను కళ్లారా చూసింది వేరే ఊళ్లో. మన విశాఖ రేవులో బైలదిల్లా గనుల ఇనుప ఖనిజం ఎత్తుకుని మా ఓడ జపాన్‌లోని మిజుషిమా రేవుకి వెళ్లేది. అక్కడ ఖాళీ అయ్యేలోపు ఒకసారి సెలవు దొరికి, సముద్రానికి అవతలి ఒడ్డున ఉన్న తకమత్సు వెళ్లాను. ఆ ప్రాంతంలో వసన్‌బోన్ అని, సన్నటి చెరుకు నుంచి తీసే మెత్తటి పంచదార ఉంటుంది. పాకం పట్టరు. కాస్త తడి చేసి అచ్చులో అదిమి తీస్తారు. అడవి చెర్రీ చెక్క మీద చెక్కిన అచ్చు నా చేతిలో పెట్టారు. లోపల పువ్వు తిరగేసి ఉంది, కుడి రేకు ఎడమన, ఎత్తుగా రావాల్సింది లోతుగా. వేలు పెట్టి తడిమితే రేకు ఈనె తగిలింది! నేను అదిమిన మొదటి రెండు పువ్వులూ రేకులు ఊడి వచ్చాయి. నేర్పేవాళ్లు నవ్వి, ఆ విరిగినవే నా నోట్లో పెట్టారు. మా అమ్మ గుర్తొచ్చింది. అలాంటి అచ్చు చెక్కేవాళ్లు ఆ దేశంలోనే వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. అందుకని ఇప్పుడు తకమత్సులో చూడ్డానికి వచ్చినవాళ్ల చేతే అచ్చు వేయించి, వాళ్లు వేసింది వాళ్ల చేతే తినిపించే క్లాసులు నడుపుతున్నారు.

మీ అమ్మాయికీ అదే చేయండి. పాకం గురించి లెక్చర్ ఇవ్వకండి. అచ్చు పట్టుకోమనండి, తట్టమనండి, తాడు విప్పే పని తనకే వదిలేయండి. అచ్చు తెరిచేటప్పుడు ఫోన్ చూసే పిల్లని నేనింతవరకూ చూడలేదు. నేను ఒడ్డుకొచ్చాక ఒక శిక్షణ సంస్థకి వెళ్లి చిలకలు ఊరికే నేర్పుతానంటే, సిలబస్‌లో లేదని పంపించేశారు. కేకు మీద క్రీము పువ్వులు మాత్రం ఉన్నాయట.

కొత్త అచ్చులు కావాలంటే ఏటికొప్పాక వెళ్లమని కొందరంటారు. 2017లో జీఐ గుర్తింపు (ఫలానా ఊరి సరుకు అన్న ముద్ర) వచ్చిన ఆ లక్క బొమ్మలంటే నాకూ ప్రాణమే. కానీ అది అంకుడు కర్రని లేత్ మిషన్ మీద తిప్పి చేసే పని. చిలక అచ్చుకి లోపలికి తొలిచే ఉలి కావాలి. గుమ్మాలకి నగిషీ చెక్కే వడ్రంగిని పట్టుకుని, బాగా ఆరిన టేకు ఇచ్చి, మీ పాత అచ్చు ముందు పెట్టండి.

మా అమ్మ అచ్చులు, నేను ఓడ మీద ఉండగా, ఇల్లు మారే హడావుడిలో వేన్నీళ్ల పొయ్యిలోకి పోయాయి. ఏనుగు అచ్చులో ఎడమ సగం ఒక్కటే మిగిలింది. ఈ కాగితాలు ఎగిరిపోకుండా ఇప్పుడు వాటి మీద ఉన్నది అదే. మీ నాలుగు జతల్లో ఏనుగు ఉంటే, దాని కుడి సగం నాకు ఒక్క రోజు ఇవ్వండి. కొలతలు తీసుకుని ఇచ్చేస్తాను.