ఇంజన్ లైటు పీకేస్తే సరిపోతుందంటున్నారు, నిజమేనా?

ప్రశ్న: నాది 2014 నాటి చిన్న పెట్రోలు కారు. మా అమ్మాయి రాయచోటిలో టీచరు. తనను దింపడానికి తరచూ గువ్వలచెరువు ఘాట్ ఎక్కుతుంటాను. ఎక్కేటప్పుడు బండి లాగదు, జర్కులిస్తుంది. ఊళ్లో మాత్రం ఇబ్బంది లేదు. నిలబెట్టి ఉంచితే ఇంజన్ నిలకడగానే తిరుగుతుంది. పసుపు రంగు ఇంజన్ లైటు వెలుగుతోంది. స్కానర్ పెడితే పీ0171 అని వచ్చింది. ఆక్సిజన్ సెన్సర్, ప్లగ్గులు మార్పించాను. కోడ్ చెరిపేసినా కొన్నాళ్లకే మళ్లీ వస్తోంది. సెన్సర్ వైరులో రెసిస్టర్ పెట్టి లైటు తీసేస్తానని మెకానిక్ అంటున్నాడు. కారు అమ్మేదాకా అలా నెట్టుకురావచ్చా?
- ఒక పాఠకుడు, కడప

జవాబు: వద్దు సార్. ఆ పని మాత్రం చేయనివ్వకండి.

పీ0171 అంటే గాలి ఎక్కువై, పెట్రోలు తక్కువై, మిశ్రమం పలచబడిందని అర్థం. కిలో పెట్రోలు సరిగ్గా మండాలంటే 14.7 కిలోల గాలి కావాలి. పొగలో ఆక్సిజన్ మిగిలిపోతోందని సెన్సర్ చెప్పినప్పుడల్లా కారులోని కంప్యూటరు ఇంజెక్టర్లను (ఇంజన్‌లోకి పెట్రోలు చిమ్మే నాజిళ్లను) ఇంకాస్త సేపు తెరిచి పెట్రోలు పెంచుతుంది. ఆ పెంచిన శాతమే ఫ్యూయల్ ట్రిమ్. చాలా కార్లలో అది 25 శాతం దరిదాపులకు చేరితే లైటు వెలుగుతుంది. కొత్త సెన్సర్ కూడా అదే చెబుతోందంటే తప్పు సెన్సర్‌ది కాదు. పెట్రోలు సరిపోతోందని కంప్యూటరును మభ్యపెడితే, అది ఇప్పుడు పెంచుతున్న ఆ కాస్తా మానేస్తుంది. అలా ఘాట్ ఎక్కితే నాకింగ్ (పెట్రోలు అదుపు తప్పి మండి ఇంజన్‌లో టకటక చప్పుడు) వస్తుంది, వాల్వులు కాలతాయి. అప్పుడు ఇంజన్ పైభాగమైన హెడ్ దింపక తప్పదు. ఐదు నిమిషాల్లో అయిపోయే పని అని ఇలాంటి సలహా ఇచ్చేవాళ్లంటే నాకు నిజంగా కోపం వస్తుంది.

మీ ఉత్తరంలోనే అసలు ఆధారం ఉంది. నిలకడగా తిరిగే ఇంజన్ ఎత్తు ఎక్కేటప్పుడే తడబడుతోంది. ఎక్కడో గాలి లీకుంటే దాని ప్రభావం ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడే ఎక్కువగా కనబడాలి. మీది అలా లేదు కాబట్టి నా అనుమానమంతా పెట్రోలు సరఫరా మీదే. బ్లూటూత్ స్కానర్ పెట్టి ట్రిమ్ చూడండి. బండి ఆగి ఉన్నప్పుడొకసారి, 2500 ఆర్‌పీఎం దగ్గర ఒకసారి, ఘాట్‌లో ఒకసారి. ఘాట్‌లో చూడటం పక్కన కూర్చున్నవాళ్ల పని, మీరు రోడ్డు మీద నుంచి చూపు తిప్పకండి. లోడు పడేకొద్దీ అంకె పెరుగుతుంటే ఇంజన్‌కు చాలినంత పెట్రోలు అందడం లేదన్నమాట.

తర్వాత ఫ్యూయల్ ప్రెషర్ గేజి తగిలించమనండి. చాలా పెట్రోలు కార్లలో 3 నుంచి 4 బార్ మధ్య ఉంటుంది, మీ మోడల్‌కు ఎంతో సర్వీసు మాన్యువల్‌లో దొరుకుతుంది. ఇంజన్ ఆపగానే ప్రెషర్ గబుక్కున పడిపోతోందా అన్నదీ చూడాలి. పంపు ట్యాంకులోనే మునిగి ఉంటుంది. దాని నుంచి పైకి వచ్చే చిన్న గొట్టం చిట్లితే పెట్రోలు తిరిగి ట్యాంకులోకే కారిపోతుంది. బయట చుక్క కనబడదు, వాసనా రాదు. అందుకే దీన్ని చాలామంది పట్టుకోలేరు. పంపు మార్చేముందు కనెక్టర్ దగ్గర వోల్టేజి కొలిపించండి. తుప్పు పట్టిన కనెక్టర్ వల్ల పంపు నీరసిస్తే, కొత్త పంపు వేసినా అదే కథ. ట్యాంకులోని జల్లెడ, ఫిల్టరూ చూడాల్సిందే.

ఇప్పుడొస్తున్న, 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలు గురించి చాలామంది అడుగుతున్నారు. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి 10 శాతం కలిపిన ఈ10తో పోలిస్తే దాదాపు 4 శాతం ఎక్కువ ఇంధనం పోయాలి. కేవలం దానివల్ల ఈ లైటు రాదు, కానీ అంచున ఉన్న బండిని అవతలికి నెడుతుంది. మీ కారు ఈ20 కోసం తయారైంది కాదు, రబ్బరు గొట్టాలు, సీళ్లు కూడా చూపించండి.

రిపేరు అయ్యేదాకా ట్యాంకు సగానికి తగ్గనివ్వకండి. పంపును చల్లబరిచేది చుట్టూ ఉన్న పెట్రోలే, మన ఎండల్లో రిజర్వు మీద తిప్పితే అది త్వరగా పోతుంది. ఘాట్‌లో ఏసీ ఆపి, చిన్న గేరులో, యాక్సిలరేటర్ అదిమి తొక్కకుండా వెళ్లండి. లైటు నిలకడగా వెలగకుండా మిణుకుమిణుకుమంటే మిస్‌ఫైర్ అవుతోందని, అంటే సిలిండర్‌లో పెట్రోలు సరిగ్గా మండడం లేదని గుర్తు. వెడల్పు ఉన్నచోట పక్కకు తీసి ఆపేయండి. అలాగే నడిపితే పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ కాలిపోతుంది, దాని ధర పంపు ధరకంటే చాలా ఎక్కువ.