కార్పొరేట్ లా అంటే కోర్టు తప్పుతుందా?

ప్రశ్న: మాది చిత్తూరు. గుజ్జు ఫ్యాక్టరీలకు మామిడికాయ సరఫరా చేస్తాను. మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. పెద్ద కంపెనీల కేసుల వీడియోలు చూసి, ఇంజనీరింగ్ వద్దు, కార్పొరేట్ లా చదువుతానంటోంది. కోచింగ్‌కు అడ్వాన్సు కట్టాను. నేషనల్ లా యూనివర్సిటీ మేలా, తిరుపతిలో చదివించడం మేలా? ప్యాకేజీలు ఎలా ఉంటాయి? ఆడపిల్ల కోర్టుల చుట్టూ తిరగాల్సి వస్తుందా?

జవాబు: మీరు అడిగిన వాటిలో అసలు ప్రశ్న చివరిదే. తల్లిదండ్రుల ఉత్తరాలన్నీ ఇదే వరుసలో వస్తాయి. ముందు కాలేజీ, తర్వాత ప్యాకేజీ, చిట్టచివర కోర్టు. వెనక ఎవరూ లేని పిల్ల నల్లకోటు వేసుకుని కోర్టు వరండాలో నిలబడాల్సి వస్తుందేమోనని మీ దిగులు. కార్పొరేట్ అనగానే మీకు ఏసీ గది కనిపించింది, దిగులు కాస్త తగ్గింది. అమ్మాయికి మాత్రం కేసులు కనిపించాయి. మీరిద్దరూ ఒకే చదువు గురించి మాట్లాడుకుంటున్నట్టు నాకు అనిపించడం లేదు.

ఆమె చూసిన వాటిలో సాలమన్ కేసు ఉండే ఉంటుంది. లండన్‌లో బూట్లు తయారుచేసే ఆరన్ సాలమన్ తన వ్యాపారాన్ని కంపెనీగా మార్చాడు. భార్యకూ ఐదుగురు పిల్లలకూ ఒక్కో వాటా ఇచ్చి, మిగిలినవి తన పేరనే ఉంచుకున్నాడు. కంపెనీ మునిగింది. బాకీలు ఆయన కట్టాలా? అక్కర్లేదు, కంపెనీ వేరు, ఆయన వేరు అని 1896లో అప్పటి బ్రిటన్ అత్యున్నత న్యాయస్థానం హౌస్ ఆఫ్ లార్డ్స్ తీర్పిచ్చింది. మరి కంపెనీ చాటున మనిషి ఎంతవరకు దాక్కోవచ్చు? కంపెనీ ఎంతవరకు తప్పించుకోవచ్చు? తర్వాతి కేసులు ఎన్నో ఈ ప్రశ్నల చుట్టూ తిరిగినవే. 1985లో ఢిల్లీలో శ్రీరామ్ ఫ్యాక్టరీ నుంచి ఓలియం వాయువు లీకైంది. ప్రమాదకర పరిశ్రమ నడిపేవారు ‘మా జాగ్రత్తలో లోపం లేదు’ అని పరిహారం ఎగ్గొట్టలేరని మరుసటి ఏడాది సుప్రీంకోర్టు తేల్చింది. కంపెనీని జైల్లో పెట్టలేం కదా, మరి జైలుశిక్ష తప్పనిసరైన నేరంలో దాన్ని విచారించవచ్చా? విచారించి జరిమానా వేయవచ్చని 2005లో స్టాండర్డ్ చార్టర్డ్ బ్యాంకు కేసులో చెప్పింది.

ఇవన్నీ దూరపు సంగతులనుకోకండి. ఒక ఫ్యాక్టరీ కంపెనీ పేరు మీద మీకిచ్చిన చెక్కు బౌన్స్ అయిందనుకుందాం. కంపెనీని నిందితుల్లో చేర్చకుండా డైరెక్టరు మీదే కేసు వేస్తే నిలవదని 2012లో అనీతా హడా కేసు తీర్పు. చెక్కు మీద సంతకం పెట్టని డైరెక్టరును లాగాలంటే, అప్పట్లో వ్యాపార నిర్వహణ బాధ్యత ఆయనకు ఉందని ఫిర్యాదులోనే రాయాలని 2005లో ఎస్‌ఎంఎస్ ఫార్మాస్యూటికల్స్ కేసు తీర్పు. మీ వ్యాపారానికి ఇంతకన్నా దగ్గరి చదువు ఏముంది?

ఇక కార్పొరేట్ లా మోజు సంగతి. దాని మీద నాకు అనుమానాలున్నాయి. మీ చెవిన పడిన ప్యాకేజీలు ముంబయి, ఢిల్లీల్లోని కొన్ని పెద్ద లా సంస్థలవి. అవి ప్రధానంగా నాలుగైదు పేరున్న యూనివర్సిటీల నుంచే పిల్లలను తీసుకుంటాయి. చేరినవారికి మొదటి కొన్నేళ్లు ఒప్పందాల ముసాయిదాలు, కంపెనీ దస్త్రాల తనిఖీ, అర్ధరాత్రి దాకా సవరణలు. తమ కక్షిదారును కోర్టు మెట్లు ఎక్కకుండా చూడటమే అక్కడి నేర్పు. అమ్మాయికి నచ్చిన కేసులను వాదించినవారు కోర్టు లాయర్లు. ఆ ఇష్టం నిజమైనదైతే, మీరు భయపడుతున్న చోటికే వెళుతుంది. జడ్జి కావాలన్నా ముందు మూడేళ్లు న్యాయవాదిగా పనిచేసి ఉండాలని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పింది.

ఒక మాట అనక తప్పదు. తోటకు వెళ్లి కాయ చూడకుండా మీరు బేరం చేయరు. పిల్ల ఒక్క తీర్పయినా చదివిందో లేదో అడగకుండా కోచింగ్‌కు డబ్బు ఎలా కట్టారు? పైగా కోర్టును ఆడపిల్ల వెళ్లకూడని చోటులా రాశారు. అక్కడ ఆడవాళ్లు వాదిస్తున్నారు, తీర్పులూ ఇస్తున్నారు. తొలి ఏళ్లలో ఆదాయం తక్కువన్నది నిజమే, కానీ ఆ ఇబ్బంది అబ్బాయిలకూ అంతే. మంచి సీనియర్ దొరికితే వెనక ఎవరూ లేరన్న లోటు చాలావరకు తీరుతుంది.

పోలిక అడిగారు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. నేషనల్ లా యూనివర్సిటీలైన హైదరాబాద్ నల్సార్‌లోనో, విశాఖ దామోదరం సంజీవయ్య యూనివర్సిటీలోనో సీటు వచ్చి, ఫీజు మీకు భారం కాకపోతే పంపండి. రాకపోతే తిరుపతిలో చదవడం నామోషీ ఏమీ కాదు. సెలవుల్లో చెన్నై న్యాయవాదుల దగ్గర పని నేర్చుకోవచ్చు, శ్రీసిటీ కంపెనీల్లో ఇంటర్న్‌షిప్‌కు ప్రయత్నించవచ్చు. ఏసీ గదే కావాలంటే, కంపెనీ చట్టం ప్రకారం నడుస్తోందో లేదో చూసుకునే కంపెనీ సెక్రటరీ కోర్సు ఉంది. వాటాదారులు చెల్లించిన మూలధనం 10 కోట్ల రూపాయలు, ఆపైన ఉన్న కంపెనీలు పూర్తికాలపు సెక్రటరీని పెట్టుకోవాలని నిబంధన.

అనీతా హడా తీర్పు సుప్రీంకోర్టు వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ప్రింటు తీసి అమ్మాయికి ఇవ్వండి. వారం తర్వాత, చెక్కు బౌన్స్ అయితే మీరు ఎవరెవరి మీద కేసు వేయాలో, ఎందుకో తెలుగులో చెప్పమనండి. సగంలో వదిలేస్తే ఇంజనీరింగ్ సంగతి మళ్లీ మాట్లాడుకోవచ్చు. చదివి, మీతో వాదనకు దిగితే కోచింగ్ మిగతా ఫీజు కట్టేయండి.