డిజేబిలిటీ క్లెయిమ్ కాదన్నారు, ఇప్పుడు లాయరును పెట్టుకోవాలా?

ప్రశ్న: మావారు పదకొండేళ్లుగా టెక్సస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేశారు. రెండేళ్ల కిందట గ్రీన్ కార్డు వచ్చింది. వెన్నుపూస ఆపరేషన్ అయ్యాక అరగంట కూడా కుర్చీలో కూర్చోలేకపోతున్నారు. ఉద్యోగం పోయింది. సోషల్ సెక్యూరిటీ డిజేబిలిటీకి దరఖాస్తు పెడితే కుదరదని ఉత్తరం వచ్చింది. లాయరంటే వేలకు వేలు అడుగుతారని భయంగా ఉంది. మళ్లీ కొత్తగా అప్లై చేసుకోమని తెలిసినవాళ్లు చెబుతున్నారు. ఏం చేయమంటారు?

అమ్మా, ముందుగా ఒక్క మాట. కొత్త దరఖాస్తు పెట్టకండి. ఆ ఉత్తరం మీద తేదీ చూడండి. అది మీకు అందిన రోజు నుంచి 60 రోజుల్లోగా అప్పీలు వేయాలి. పోస్టులో రావడానికి 5 రోజులు పడుతుందని వాళ్లే లెక్క వేసుకుంటారు. అప్పీలును సోషల్ సెక్యూరిటీ వెబ్‌సైటులోనే వేయొచ్చు. లాయరు దొరికేదాకా ఆగాల్సిన పని లేదు. ఈ వారమే మీరే వేసేసి, తర్వాత తీరిగ్గా లాయరును వెతుక్కోండి. గడువు దాటిందంటే, ఎందుకు దాటిందో గట్టి కారణం చూపించి బతిమాలుకోవాల్సి వస్తుంది.

కొత్త దరఖాస్తు ఎందుకు వద్దంటున్నానో చెబుతాను. పాత దరఖాస్తును అప్పీలులో గెలిస్తే, రావాల్సిన బకాయి ఆ పాత తేదీని పట్టుకునే లెక్కకు వస్తుంది. కొత్తది పెడితే ఆ నెలల్లో కొన్ని చేజారే ప్రమాదం ఉంది. అంతకన్నా పెద్ద చిక్కు ఇంకొకటుంది. సోషల్ సెక్యూరిటీ డిజేబిలిటీ ఒక బీమా, ఉద్యోగం మానేశాక అది కలకాలం ఉండదు. నిలకడగా పనిచేసినవాళ్లకు మానేసిన తర్వాత సుమారు ఐదేళ్లు ఉంటుంది. ఆ గడువు లోపలే పనిచేయలేని స్థితి మొదలైందని రుజువు చేయాలి. అప్లై చేయడం, కాదంటే మళ్లీ అప్లై చేయడం, ఇలా ఏళ్లు గడిపేసి ఆ గడువు దాటించుకున్నవాళ్లున్నారు. మొదటిసారి కాదన్నారని మీ కేసులో బలం లేదనుకోకండి. మొదటి దశలో మూడింట రెండొంతుల దరఖాస్తులు అలాగే వెనక్కి వస్తాయి.

మనవాళ్లలో మరో సంకోచం కూడా ఉంది. ప్రభుత్వం ముందు చెయ్యి చాస్తున్నామేమోనని కుంగిపోతారు, నలుగురికీ తెలిస్తే ఏమనుకుంటారోనని దాచుకుంటారు. మీవారి పాత పే స్టబ్ ఒకటి తీసి చూడండమ్మా. ప్రతి జీతంలోనూ 6.2 శాతం సోషల్ సెక్యూరిటీకి కోసుకున్నారు, కంపెనీ కూడా అంతే కట్టింది. అది బీమా ప్రీమియం. పనిచేసినందుకు ఏడాదికి గరిష్ఠంగా 4 చొప్పున క్రెడిట్లు వస్తాయి, అర్హతను వాటితోనే లెక్కిస్తారు. మామూలుగా 40 కావాలి, అందులో 20 చివరి పదేళ్లలో సంపాదించినవై ఉండాలి. వయసు 31 దాటనివాళ్లకు ఇంకా తక్కువ చాలు. పదకొండేళ్లు జీతం మీద ఉన్న మనిషి హక్కుగా అడుగుతున్నది ఇది. విద్యార్థి వీసాతో ఓపీటీలో, అంటే చదువుకు అనుబంధంగా ఇచ్చే పని అనుమతి మీద, పనిచేసిన కాలానికి మాత్రం చాలామందికి ఈ కోత ఉండదు, అందుకని ఆ కాలానికి క్రెడిట్లు కూడా రావు. కొత్తగా వచ్చిన పిల్లలు ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఎస్‌ఎస్‌ఐ అని ఇంకో పథకం ఉంది. పేరు దీనిలాగే వినిపిస్తుంది గానీ అది ఆస్తీ ఆదాయమూ పెద్దగా లేనివాళ్లకిచ్చే సహాయం. పబ్లిక్ చార్జ్, అంటే ప్రభుత్వ సాయం మీద బతుకుతారని ఇమిగ్రేషన్ వాళ్లు అడ్డుపెడతారన్న భయమేదైనా ఉంటే దాని విషయంలో ఉండాలి. మీరు అడుగుతున్న ఎస్‌ఎస్‌డీఐ మీ కష్టార్జితం మీద వచ్చేది. రెంటినీ కలిపి భయపెట్టేవాళ్ల మాట వినకండి.

ఇక లాయరు ఫీజు. మీ భయమంతా దీని గురించే కాబట్టి వివరంగా చెబుతాను. ఈ కేసుల్లో లాయరు తన ఇష్టం వచ్చినంత తీసుకోవడానికి వీల్లేదు. మామూలు ఫీజు ఒప్పందం ప్రకారం, గెలిస్తే వచ్చే పాత బకాయిలో 25 శాతం గానీ 9,200 డాలర్లు గానీ, ఏది తక్కువైతే అది. ఈ గరిష్ఠ పరిమితిని 2024 నవంబరు చివర్లో ఇలా పెంచారు, అంతకుముందు 7,200 ఉండేది. ఉదాహరణకు నెలకు 2,400 డాలర్ల చొప్పున 14 నెలల బకాయి వచ్చిందనుకోండి. మొత్తం 33,600. అందులో నాలుగో వంతు 8,400. బకాయి 48,000 వచ్చిందనుకుంటే నాలుగో వంతు 12,000 అవుతుంది గానీ 9,200 దగ్గర ఆగిపోతుంది. ఆ సొమ్మును సోషల్ సెక్యూరిటీ వాళ్లే మీ బకాయిలోంచి తీసి లాయరుకు నేరుగా పంపుతారు. ఆ తర్వాత నెలనెలా వచ్చే చెక్కులో లాయరుకు వాటా లేదు. ఓడిపోతే ఫీజు లేదు.

రెండు సంగతులు మాత్రం సంతకానికి ముందే అడగండి. ఆస్పత్రుల నుంచి రికార్డులు తెప్పించడానికయ్యే ఖర్చు ఫీజులో కలవదు, కొందరు గెలిచినా ఓడినా దాన్ని వసూలు చేస్తారు. రెండోది, కేసు ఫెడరల్ కోర్టు దాకా వెళితే అక్కడి ఫీజు లెక్క వేరు. అప్పుడు ఏం చేస్తారో కాగితం మీద ఉందా చూడండి. కేసు మొదలుకాకముందే ఇన్ని వేలు కట్టండి అని ఎవరైనా అంటే లేచి వచ్చేయండి. సోషల్ సెక్యూరిటీ అనుమతి లేకుండా ఈ పనికి ఫీజు పుచ్చుకోవడం చట్టరీత్యా నేరం.

అందరికీ లాయరు అవసరమని నేను అనను. ఏఎల్‌ఎస్ అనే నరాల జబ్బు, కొన్ని రకాల ముదిరిన క్యాన్సర్ల వంటివాటికి కంపాషనేట్ అలవెన్సెస్ అనే జాబితా ఉంది. వాటిని వాళ్లంతట వాళ్లే త్వరగా తేలుస్తారు. అలాంటి జబ్బుతో ఉన్న మనిషికి మొదటి దశలో లాయరు చేసిపెట్టేది పెద్దగా ఉండదు. కానీ వెన్నునొప్పి, ఫైబ్రోమయాల్జియా అనే ఒళ్లునొప్పుల జబ్బు, డిప్రెషన్, మైగ్రేన్ వంటివి ఎక్స్‌రేలో పూర్తిగా కనిపించవు. వీటితో వచ్చినవాళ్లు మొదటి తిరస్కారం రాగానే లాయరును పెట్టుకోవాలన్నది నా గట్టి నమ్మకం. జడ్జి ముందు కూడా ఓడిపోయాక లాయరు దగ్గరికి వెళితే వాళ్లూ పెద్దగా ఏమీ చేయలేరు. అప్పటికి రికార్డు దాదాపుగా మూసుకుపోయి ఉంటుంది.

లాయరు ఉపయోగం ఎక్కడో మా తోడల్లుడి కేసులో పక్కన కూర్చుని చూశాను. అప్పీలులో ముందు రీకన్సిడరేషన్, అంటే అదే ఫైలును మరొకరు మళ్లీ చూడటం. అక్కడా ఎక్కువమందికి కాదనే వస్తుంది. తర్వాత అడ్మినిస్ట్రేటివ్ లా జడ్జి ముందు హియరింగ్. అక్కడ ప్రభుత్వం తరఫున వాదించే లాయరు ఉండరు, గొడవ వాతావరణం ఉండదు. కానీ వొకేషనల్ ఎక్స్‌పర్ట్ అని ఒకరుంటారు. జడ్జి ఆయన్ని అడుగుతారు: ఇంత వయసు, ఇంత చదువు, ఇంత బరువే ఎత్తగలడు, అలాంటి మనిషికి దేశంలో ఉద్యోగాలేమున్నాయి? ఆయన కూర్చుని చేసే చిన్న పనులు రెండు మూడు చెబుతారు. అక్కడితో వదిలేస్తే కేసు పోయినట్టే. ఎందుకంటే ఇక్కడ ప్రశ్న పాత సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేయగలరా అన్నది ఒక్కటే కాదు, ఏ ఉద్యోగమైనా చేయగలరా అని. యాభై దాటినవాళ్లకు నిబంధనలు కొంత సడలుతాయి. నలభైల్లో ఉండి, పెద్ద చదువు చదివిన మనవాళ్లకు ఆ వెసులుబాటు లేదు.

మా తోడల్లుడి లాయరు అప్పుడు నింపాదిగా అడిగింది: ఈ మనిషి ప్రతి అరగంటకూ లేచి పది నిమిషాలు పడుకోవాల్సి వస్తే ఆ ఉద్యోగాలు ఉంటాయా? నెలకు మూడు రోజులు రాలేకపోతే? ఎక్స్‌పర్ట్ ఉండవని ఒప్పుకున్నాడు. ఆ ప్రశ్నల వెనక డాక్టరు రాసిచ్చిన కాగితం ఉంది, ఊరికే అడిగినవి కావు. ఇలాంటి కాగితాలు హియరింగ్‌కు కనీసం ఐదు పని దినాల ముందే అందాలి. ఏవి కావాలో, ఎవరి దగ్గర తేవాలో తెలిసిన మనిషి కావాలి. మీరిచ్చే ఫీజు దీనికే.

కానీ లాయరు సృష్టించలేనిది ఒకటుంది, మెడికల్ రికార్డు. మనవాళ్ల కేసులు దెబ్బతినేది ఎక్కువగా ఇక్కడే. డాక్టరు ఎలా ఉన్నారని అడగ్గానే మర్యాదకు బాగానే ఉన్నానండీ అనేస్తాం. ఆయన అదే టైపు చేస్తాడు, రెండేళ్ల తర్వాత జడ్జి అదే చదువుతాడు. డాక్టరు తెలుగాయన అయితే ఇంకా కష్టం, సగం సమయం మీదే ఊరన్న కబుర్లతో గడుస్తుంది. మీవారితో చెప్పండి: ఎంతసేపు కూర్చోగలరు, ఎంత దూరం నడవగలరు, రాత్రి ఎన్నిసార్లు లేస్తారు, మందు వేసుకుంటే మగత వస్తుందా, ఇవి ప్రతి విజిట్‌లోనూ నోటితో చెప్పాలి. లేనిది కల్పించొద్దు, ఉన్నది మింగొద్దు. దిగులు, నిద్రలేమి ఉంటే అదీ చెప్పాలి. మనసుకు సంబంధించిన జబ్బు అనగానే మన ఇళ్లలో తలుపులు వేసుకుంటారు, కానీ నొప్పితో పాటు డిప్రెషన్ కూడా రికార్డులో ఉంటే రెంటినీ కలిపి చూడాలన్నది నిబంధన.

రోజు ఎలా గడుస్తుందని అడిగే ఫంక్షన్ రిపోర్టు అనే ఫారం ఉంటుంది. అందులో వంట చేస్తాను, గుడికి వెళతాను, పిల్లల్ని బడిలో దింపుతాను అని పౌరుషంగా రాసేస్తారు. అన్నం కుక్కర్‌లో పెట్టడం దాకానే, కూరలు తరిగేది అత్తగారు అని రాయరు. గుడిలో పావుగంట తర్వాత కారులోకి వెళ్లి సీటు వెనక్కి వాల్చి పడుకుంటారని రాయరు. ఆ రెండో సగమే అసలు సంగతి. ఎవరి సాయంతో, ఎంతసేపు, తర్వాత ఎలా ఉంటుంది, ఇవి రాయండి.

చికిత్సకు హైదరాబాదో విజయవాడో వెళ్లివస్తే డిశ్చార్జి సమ్మరీ, స్కాన్ రిపోర్టులు, ఫిజియోథెరపీ చీటీలు అన్నీ తెచ్చుకోండి. లేకపోతే ఆ నెలల్లో వైద్యమే తీసుకోలేదని ఫైలు చెబుతుంది. 2017 మార్చి 27 నుంచి పెట్టిన దరఖాస్తుల్లో సొంత డాక్టరు మాటకు దానంతటదే ఎక్కువ విలువ ఉండదు. ఆయన చెప్పినదానికి పరీక్షల ఆధారం ఉందా, మిగతా రికార్డుతో పొసుగుతోందా అని చూస్తారు. అందుకే పని చేయలేడు అని ఒక్క ముక్క రాసిన లెటరు వల్ల లాభం లేదు. ఎన్ని పౌండ్లు, ఎన్ని నిమిషాలు అని లెక్కలతో రాయించాలి.

లాయరును ఎంచుకునేటప్పుడు తెలుగు మాట్లాడేవారే కావాలని పట్టుబట్టకండి. మీ గ్రీన్ కార్డు చూసిన ఇమిగ్రేషన్ లాయరు ఎంత మంచివారైనా ఇది వారి పని కాదు. సోషల్ సెక్యూరిటీ కేసులు చేసేవాళ్ల జాతీయ సంఘం నాస్కర్ ఉంది, దాని ద్వారా మీ ప్రాంతంలో ఉన్నవారి పేర్లు తెలుసుకోవచ్చు. ఆదాయం బాగా పడిపోతే లీగల్ ఎయిడ్ ఆఫీసులో అడగండి. లాయరు కాని ప్రతినిధులు కూడా ఉంటారు, వాళ్లలో సమర్థులున్నారు. మొదటి ఫోనులో నేను అడగమనేది ఇది: హియరింగ్ రోజున నా పక్కన ఉండేది మీరేనా, లేక అప్పుడే ఫైలు తెరిచే మరొకరా? డాక్టరు ఫారాలు మీరు తెప్పిస్తారా, నన్నే తెచ్చుకోమంటారా? సూటిగా జవాబు రాకపోతే ఇంకొకరిని చూడండి. ఇంగ్లీషులో నొప్పి గురించి చెప్పుకోవడం కష్టమనిపిస్తే దుబాసీని ఉచితంగా ఏర్పాటు చేయమని సోషల్ సెక్యూరిటీని అడిగే హక్కుంది, హియరింగ్‌లో కూడా.

మీవారికి కంపెనీ ద్వారా లాంగ్ టర్మ్ డిజేబిలిటీ పాలసీ ఉందేమో పాత బెనిఫిట్స్ కాగితాల్లో వెతకండి. అది వేరే కేసు. అక్కడ తిరస్కరిస్తే సాధారణంగా 180 రోజుల్లో అప్పీలు వేయాలి, తర్వాత కోర్టుకెళ్లినా ఆ అప్పీలులో పెట్టిన కాగితాలే చూస్తారు. ఈ కేసుల్లో లాయరు ఫీజుకు 9,200 పరిమితి వర్తించదు. అదీగాక సోషల్ సెక్యూరిటీ బకాయి వచ్చాక, తామిచ్చిన దాంట్లో కొంత తిరిగి కట్టమని ఇన్సూరెన్స్ కంపెనీలు అడుగుతాయి. బకాయి చేతికి రాగానే ఇంటి అప్పుకు కట్టేయకండి. ఇన్సూరెన్స్ కంపెనీయే ఉచితంగా ఒక లాయరునో ప్రతినిధినో పెడతామంటే, ఆ మనిషికి డబ్బిచ్చేది ఎవరో గుర్తుంచుకుని నిర్ణయం తీసుకోండి.

ఇంకా హెచ్1బీ మీదే ఉండి ఇది చదువుతున్నవాళ్లకు ఒక మాట. క్రెడిట్లుంటే మీరూ అర్హులే, కానీ దేశంలో చట్టబద్ధంగా ఉంటేనే డబ్బు చెల్లిస్తారు. ఉద్యోగం పోయాక ఆ స్టేటస్ ఎక్కువకాలం ఉండదు. భార్యకో భర్తకో హెచ్1బీ ఉంటే హెచ్4కు మారడం గురించి ఇమిగ్రేషన్ లాయరుతో ముందు మాట్లాడాలి, ఆ తర్వాతే ఈ లాయరు. పౌరులు కానివాళ్లు ఆరు నెలలకు మించి దేశం బయట ఉంటే చెల్లింపులు ఆగిపోవచ్చు, ఇండియా టికెట్ కొనేముందే కనుక్కోండి.

అమ్మా, మీ ఉత్తరంలో పిల్లల ప్రస్తావన లేదు. పద్దెనిమిదేళ్ల లోపువాళ్లుంటే, కేసు గెలిచాక తండ్రి రికార్డు మీద వాళ్లకూ నెలనెలా కొంత రావచ్చు. వాళ్ల పేరున విడిగా దరఖాస్తు పెట్టాలి. ఆరోగ్య బీమా సంగతీ ఇప్పుడే చూసుకోండి. డిజేబిలిటీ మొదలయ్యాక ఐదు నెలలు ఆగాలి, ఆపైన 24 నెలలకు గానీ మెడికేర్ రాదు. కోబ్రా, అంటే ఉద్యోగం పోయాక కంపెనీ ఆరోగ్య బీమాను సొంత డబ్బుతో కొనసాగించుకోవడం, మామూలుగా 18 నెలలు. కానీ కోబ్రా మొదలైన 60వ రోజుకల్లా డిజేబిలిటీ మొదలైందని సోషల్ సెక్యూరిటీ తేల్చితే దాన్ని 29 నెలల దాకా పొడిగించుకోవచ్చు, ప్రీమియం పెరిగినా సరే. ఆ నిర్ణయం వచ్చిన 60 రోజుల్లోగా, 18 నెలలు నిండకముందే, ప్లాన్ వాళ్లకు రాతపూర్వకంగా తెలపాలి. ఆ పని మీ లాయరు చేస్తారనుకోకండి, మీరే పంపి రసీదు దాచుకోండి.